కౌమార పిల్లల్లో ఆత్మహత్య ప్రమాదాన్ని గుర్తించడం ఎలా: తల్లిదండ్రులకు, టీచర్లకు దశలవారీ మార్గదర్శి

మీ ఎదుట ఉన్న పిల్లో పిల్లాడో ఇప్పుడే ప్రాణం తీసుకుంటానంటుంటే ఇదంతా చదువుతూ కూర్చోకండి. నేరుగా 7వ భాగానికి వెళ్లండి. వాళ్లను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి. భారతదేశంలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. అమెరికాలో ఉన్నవాళ్లు 988కి ఫోన్ చేయవచ్చు, మెసేజ్ కూడా పెట్టవచ్చు.

మిగతావాళ్లు మొదటి నుంచి చదవండి. 10 నుంచి 19 ఏళ్ల పిల్లలతో రోజూ మెలిగే పెద్దల కోసం రాసింది ఇది. ఏం గమనించాలి, ఏ వరుసలో అడగాలి, జవాబు విన్నాక ఏం చేయాలి అన్నంత వరకే ఇందులో ఉంది. రోగ నిర్ధారణ డాక్టర్ల పని.

ముందే ఒక మాట. ప్రమాదాన్ని పెంచే కారకాల జాబితా పట్టుకుని ఎవరు ప్రాణం తీసుకుంటారో జోస్యం చెప్పడం ఎవరి వల్లా కాదు. 50 ఏళ్ల పరిశోధనల నుంచి 365 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2017లో వచ్చింది. ఏ ఒక్క కారకాన్ని పట్టుకుని వేసిన అంచనా అయినా బొమ్మా బొరుసూ వేసినదాని కంటే కాస్తే మెరుగని అది తేల్చింది. కాబట్టి మార్కులు వేసి కూడుకోకండి. ఎవరిని దగ్గరగా గమనించాలో, ఎవరిని ముందు పలకరించాలో తెలుసుకోవడానికే ఈ కారకాలు. మనసులో ఏముందో తెలియాలంటే నోరు తెరిచి అడగాల్సిందే.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

మొదట, ఆ బిడ్డ మామూలుగా ఎలా ఉంటుందో రాసుకోండి. ఐదు విషయాలు చాలు: నిద్ర, తిండి, స్నేహాలు, చదువు, ఇష్టంగా చేసే పని. కొందరు పుట్టుకతోనే ముభావంగా ఉంటారు, వాళ్ల మౌనం సంకేతం కాదు. గలగలా మాట్లాడే పిల్ల రెండు వారాలుగా పలకకపోతే అది సంకేతం. పక్కింటి పిల్లలతో పోలిక ఇక్కడ పనికిరాదు, ఆ బిడ్డను నిన్నటి తనతోనే పోల్చాలి.

చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు తేదీ వేసి రాయండి. “డల్‌గా ఉన్నాడు” అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. “సోమవారం నుంచి రాత్రి మూడింటి దాకా మేలుకునే ఉన్నాడు, రెండు రోజులు ఆటకు వెళ్లలేదు” అని రాస్తే తెలుస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- 24 గంటలూ తెరిచి ఉండే ఎమర్జెన్సీ విభాగం ఉన్న దగ్గరి ఆసుపత్రి పేరు, దారి
- సైకియాట్రిస్ట్ లేదా కౌన్సెలర్ నంబరు, అంబులెన్స్ నంబరు, హెల్ప్‌లైన్ నంబరు
- పిలవగానే వచ్చి తోడు కూర్చోగల ఇంకో పెద్దవారు
- స్కూల్లో అయితే, ఇలాంటి విషయం తెలిసిన వెంటనే ఎవరికి చెప్పాలో ముందే ఖరారైన ఒక పేరు

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ “హెడ్‌మాస్టరు చూసుకుంటారులే, క్లాస్ టీచరు చెప్పే ఉంటుంది” అని ఒకరి మీద ఒకరు వదిలేసే చోటే ఆలస్యం జరుగుతుంది.

2. మూడు రకాలను కలగాపులగం చేయకండి

ఎప్పటి నుంచో ఉన్నవి కొన్ని, ఈ మధ్య జరిగినవి కొన్ని, ఇప్పుడు కంటికి కనిపిస్తున్నవి కొన్ని. మొదటివి ఎవరికి ప్రమాదం ఎక్కువో చెబుతాయి. రెండోవి ఎప్పుడు పెరుగుతుందో చెబుతాయి. మూడోవి కనిపిస్తే ఈ రోజే కదలాలి.

వీటిని కలిపేస్తే రెండు తప్పులు జరుగుతాయి. కుటుంబంలో ఎవరో ప్రాణం తీసుకున్నారని ఏ సంకేతమూ లేని బిడ్డను రోజూ అనుమానంగా చూడటం ఒకటి. “మంచి ఇల్లు, మంచి మార్కులు, దీనికేం బాధ” అని స్పష్టమైన సంకేతాన్ని కొట్టిపారేయడం రెండోది. రెండోదే ప్రాణాంతకం.

3. ఎప్పటి నుంచో ఉన్న కారకాలు

అన్నిటిలోకీ బరువైనది గతంలో చేసిన ఆత్మహత్యాయత్నం. గాయం ఎంత చిన్నదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. “అంత సీరియస్‌గా చేయలేదులే” అని పక్కన పెట్టవద్దు. పైగా చాలా ప్రయత్నాలు ఇంట్లోవాళ్లకు తెలియనే తెలియవు, అందుకే 6వ భాగంలో దీన్ని విడిగా అడుగుతాం.

తన శరీరాన్ని తానే గాయపరచుకోవడం తర్వాతిది. చావాలని కాదు, బాధ ఓర్చుకోలేక చేసుకున్నానని పిల్లలు చెబుతారు. అది నిజమే కావచ్చు, నమ్మండి. అయినా అలా చేసుకునే పిల్లలకు మున్ముందు ఆత్మహత్య ప్రమాదం ఎక్కువ. ఉక్కపోతలోనూ పొడుగు చేతుల చొక్కా విప్పకపోవడం, గాయాలకు పొంతన లేని కారణాలు చెప్పడం గమనించండి. చేయి పట్టి లాగి చొక్కా పైకెత్తకండి.

డిప్రెషన్ దగ్గర పెద్దలు ఎక్కువగా పొరబడతారు. ఈ వయసులో అది ఏడుపుగా కాక చిరాకుగా, కోపంగా బయటపడవచ్చు. తలుపు విసురుగా వేయడం, ప్రతి మాటకూ కస్సుమనడం చూసి పొగరనుకుంటారు. మందలించిన కొద్దీ బిడ్డ ఇంకా లోపలికి ముడుచుకుంటుంది.

ఇంకా చూడాల్సినవి:

- బైపోలార్ (అతి ఉత్సాహం, దిగులు మార్చి మార్చి వచ్చే రుగ్మత), ఆందోళన, తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలు. ఆగి ఆలోచించకుండా పని చేసేసే స్వభావం
- మద్యం, మత్తు పదార్థాలు
- కుటుంబంలో ఆత్మహత్య, ఇంట్లో హింస, తల్లికో తండ్రికో చికిత్స అందని డిప్రెషన్
- శారీరక లేదా లైంగిక వేధింపులు, ఎన్నేళ్ల కిందటివైనా సరే
- దీర్ఘకాలిక జబ్బు, తగ్గని నొప్పి
- తన జెండర్, లైంగికత కారణంగా ఎదురయ్యే తిరస్కారం, వివక్ష

చివరి అంశం మీద స్పష్టత ఉండాలి. ప్రమాదం ఆ బిడ్డ స్వభావంలో లేదు, చుట్టూ ఉన్నవాళ్ల తిరస్కారంలో ఉంది. ఇంట్లో ఒక్క పెద్దవారు అక్కున చేర్చుకున్నా ఎంతో తేడా వస్తుంది.

ఆడపిల్లల్లో ప్రయత్నాలు ఎక్కువ, మగపిల్లల్లో మరణాలు ఎక్కువ. చాలా దేశాల్లో ఇదే తీరు. కాబట్టి “అమ్మాయిలు ఊరికే అంటుంటారు” అనడమూ తప్పే, “మగపిల్లాడు, తట్టుకుంటాడు” అనడమూ తప్పే.

4. ఈ మధ్య జరిగినవి

ఇక్కడ పోగొట్టుకోవడం, తలవంపు అనే రెండింటి కోసం వెతకండి. ప్రేమ విఫలం కావడం, ప్రాణ స్నేహితులు వెలివేయడం, పరీక్ష తప్పడం, అందరి ముందు శిక్ష, ఇంట్లో ఒకరి మరణం, తల్లిదండ్రులు విడిపోవడం. మన కంటికి చిన్నవి కావచ్చు. ఉద్రేకాన్ని అదుపు చేసి ముందు వెనకలు తూచే మెదడు భాగం ఇరవైల మధ్య దాకా ఎదుగుతూనే ఉంటుంది. “ఇది కూడా గడిచిపోతుంది” అని మనకు అనుభవం చెబుతుంది, వాళ్లకు ఆ అనుభవం ఇంకా లేదు.

నాలుగు సందర్భాలను ప్రత్యేకంగా పట్టించుకోండి.

ఫోటోలు, వీడియోలు బయటపెడతామని ఎవరైనా బెదిరించడం. ఇందులో తలవంపు భయంతో పాటు “అమ్మానాన్నలకు తెలిస్తే?” అన్న భయం తోడవుతుంది, అందుకే చాలా వేగంగా ముదురుతుంది. “నీ తప్పు లేదు, మనం కలిసి చూసుకుందాం” అన్న మాట పిల్లల చెవిన ఇలాంటిదేదీ జరగక ముందే పడి ఉండాలి.

వేధింపులు, ఆన్‌లైన్‌లో అయినా బయట అయినా. వేధింపులకు గురయ్యే పిల్లలతో పాటు వేధించే పిల్లలకూ ప్రమాదం ఉంటుంది. రెండు వైపులా ఉన్నవాళ్లకు మరీ ఎక్కువ.

తెలిసినవాళ్ల ఆత్మహత్య. కౌమారంలో ఇది అంటుకునే గుణం ఉన్న విషయం. అదే స్కూల్లో ఒకరు చనిపోతే సన్నిహితులను మాత్రమే కాదు, దూరంగా ఉండి ఆ బిడ్డతో తనను పోల్చుకునేవాళ్లను కూడా చూడాలి.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన తర్వాతి కాలం. మానసిక చికిత్స వార్డు నుంచి వచ్చాక మొదటి వారాలు, మొదటి మూడు నెలలు ఎక్కువ ప్రమాదం. బంధువులు “హమ్మయ్య” అనుకునే సమయం కూడా సరిగ్గా అదే.

5. ఇప్పుడు కనిపించే హెచ్చరికలు

మాటల్లో: పిల్లలు “ఆత్మహత్య” అన్న పదం వాడకపోవచ్చు. “నేను లేకపోతే మీకే హాయి”, “ఇంకెన్నాళ్లో నా గోల ఉండదులే”, “నిద్రపోతే మళ్లీ లేవకూడదు”, “నా వల్లే అందరికీ కష్టం”, “అప్పటికి నేనుంటే కదా” లాంటివి వింటారు. తాను భారమనీ, తనకంటూ ఎవరూ లేరనీ చెప్పే మాటలు రెండూ కలిసి వినిపిస్తే మరీ జాగ్రత్త. నవ్వుతూ అన్నా లెక్కలోకే తీసుకోండి.

చేతల్లో: ఎంతో ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, అకస్మాత్తుగా క్షమాపణలు, వీడ్కోలు ధ్వనించే మెసేజ్‌లు, గ్రూపుల నుంచి బయటికి వచ్చేయడం, మందులు దాచుకోవడం, చనిపోయే మార్గాల గురించి వెతకడం, రోడ్డు మీద తెగింపుగా ప్రవర్తించడం.

శరీరంలో: నిద్ర చెడిపోవడాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఫోను చూస్తూ మేలుకున్నారనుకుని ఫోను లాక్కుంటారు, నిద్ర పట్టకే ఫోను చూస్తున్నారేమో అడగరు. ఒక చోట కుదురుగా కూర్చోలేని అలజడి కూడా గట్టి సంకేతమే.

ఇంకొకటి పెద్దలను మోసం చేస్తుంది. వారాల తరబడి కుమిలిన బిడ్డ ఏ కారణమూ లేకుండా ఉన్నట్టుండి తేలికపడి ప్రశాంతంగా కనిపించడం. నిజంగానే కోలుకుంటూ ఉండవచ్చు. నిర్ణయం తీసేసుకున్నాక వచ్చిన నిబ్బరమూ కావచ్చు. సంతోషించి ఊరుకోకుండా అదే రోజు అడగండి.

ఇది వయసు తెచ్చిన చికాకా, ప్రమాదమా అని తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు వేసుకోండి. రెండు వారాలు దాటిందా? ఇంట్లోనూ, చదువులోనూ, స్నేహాల్లోనూ కనిపిస్తోందా, ఒక్క చోటేనా? 1వ భాగంలో రాసుకున్న మామూలు తీరుకు ఎంత దూరంగా ఉంది? కానీ చావు మాట వినిపిస్తే మాత్రం రెండు వారాలు ఆగే లెక్క చెల్లదు.

6. అడగడం

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. “మనం అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో” అన్న భయం వల్ల. ఆ భయానికి ఆధారం లేదు. రెండు వేల మందికి పైగా హైస్కూలు విద్యార్థులతో చేసిన ఒక అధ్యయనం 2005లో అచ్చయింది. నేరుగా అడిగిన పిల్లల్లో ఆలోచనలు గానీ ఆందోళన గానీ పెరగలేదు. అప్పటికే మనసు బాగోలేని పిల్లలకు కాస్త ఊరట దొరికిందనిపించింది కూడా.

చోటు, సమయం. కనీసం ముప్పావు గంట ఖాళీ ఉంచుకోండి. పది మందిలో, గొడవ మధ్యలో, పరీక్షకు బయల్దేరే ముందు వద్దు. ఎదురెదురుగా కూర్చోవడం కంటే పక్కపక్కన నడుస్తూనో, ఏదైనా పని చేస్తూనో మాట్లాడితే పిల్లలకు తేలిక. టీచర్లయితే గది తలుపు తెరిచే ఉంచి, ఇతరులకు వినపడనంత దూరంలో కూర్చోండి.

మొదటి మాట. చూసిందే చెప్పండి, తీర్పు వద్దు. “నాన్నా, వారం నుంచి నువ్వు సరిగ్గా నిద్రపోవట్లేదు. నిన్న ‘నేను లేకపోతే మీకే హాయి’ అన్నావు. ఆ మాట నా మనసులోంచి పోవట్లేదు. ఏం చెప్పినా కోప్పడను, వింటాను.”

ప్రశ్నల వరుస. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు ఆసుపత్రుల్లో వాడటానికి నాలుగు ప్రశ్నల పద్ధతి ఒకటి తయారు చేశారు, అడగడానికి 20 సెకన్లు పడుతుంది. అది వైద్య సిబ్బంది కోసమే అయినా ఆ వరుస ఇంట్లోనూ ఉపయోగపడుతుంది:

1. ఈ కొన్ని వారాల్లో చచ్చిపోతే బాగుండునని అనిపించిందా?
2. నువ్వు లేకపోతే నీకు గానీ మాకు గానీ మేలని అనిపించిందా?
3. ఈ వారంలో ఆత్మహత్య చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా?
4. ఎప్పుడైనా ప్రాణం తీసుకోవడానికి ప్రయత్నించావా? ఎప్పుడు?

వీటిలో ఒక్కదానికి అవునన్నా, జవాబు చెప్పనని మొండికేసినా ఐదో ప్రశ్న అడగాలి: “ఇప్పుడు, ఈ నిమిషంలో, ఆ ఆలోచన ఉందా?”

మన భాషలో పొంచి ఉన్న ఒక వల ఉంది. “అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?” అని అడుగుతాం. అందులో జవాబు ముందే ఉంది, బిడ్డ “లేవు” అనేసి తప్పుకుంటుంది. “కదా” తీసేయండి, “పిచ్చి” తీసేయండి. “ఏదైనా చేసుకోవాలని” అనే చాటు మాటా వద్దు. “ఆత్మహత్య” అన్న పదం నోట పలకడం కష్టమైతే ముందు ఒంటరిగా రెండు మూడు సార్లు పైకి అని చూసుకోండి, గొంతు వణకడం తగ్గుతుంది.

అడిగాక ఆగండి. నిశ్శబ్దం భరించలేక మనమే మాటలతో నింపేస్తాం. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టినా ఫర్వాలేదు.

“అవును” అంటే మొదట అనాల్సింది: “చెప్పి మంచి పని చేశావు. ఇంత బాధ ఒక్కడివే మోశావు. ఇక నేను తోడున్నాను.” “ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి” అంటే ఒట్టు వేయకండి. “అందరికీ చెప్పను. నిన్ను కాపాడటానికి అవసరమైనవాళ్లకే చెబుతాను, ఎవరికి చెబుతున్నానో ముందు నీకే చెబుతాను” అనండి.

“లేదు” అన్నా సంకేతాలు పోకపోతే రెండు మూడు రోజుల్లో మళ్లీ అడగండి. అసలు పలకకపోతే కాగితం మీద రాయమనండి, మెసేజ్ పెట్టమనండి, లేదా తాను నమ్మే అత్తనో బాబాయినో టీచరునో మాట్లాడమనండి.

7. జవాబును బట్టి ఏం చేయాలి

ఈ క్షణంలో ఆలోచన ఉంది, లేదా ఎలా ఎప్పుడు అన్నది నిర్ణయించుకుని ఉంది, లేదా ఏర్పాట్లు మొదలయ్యాయి:

1. తోడుగా ఉండండి. స్నానాల గదికి వెళ్లినా తలుపు గడియ వేయనివ్వకండి.
2. ప్రమాదకరమైన వస్తువులున్న చోటి నుంచి బిడ్డను దూరంగా తీసుకురండి. చేతిలో ఆయుధం ఉంటే పెనుగులాడకండి, అత్యవసర సేవలకు ఫోన్ చేయండి.
3. ఇంకో పెద్దవారిని పిలవండి. ఒకరు బిడ్డ దగ్గర, ఒకరు ఫోను దగ్గర.
4. ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మీరు రాసుకున్న పుస్తకం, వాడుతున్న మందుల వివరాలు వెంట ఉంచుకోండి.
5. ఇప్పటికే ఏదైనా మింగి ఉంటే, చూడటానికి బాగానే ఉన్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కొన్నిటి ప్రభావం గంటలు, రోజులు ఆలస్యంగా బయటపడుతుంది. వాంతి చేయించకండి. ఆ సీసానో అట్టనో తీసుకెళ్లండి.

ఆలోచన ఉంది, నిర్ణయం లేదు; లేదా గతంలో ప్రయత్నం ఉంది: అదే రోజు సైకియాట్రిస్ట్‌తో గానీ హెల్ప్‌లైన్‌తో గానీ మాట్లాడండి. చూపించే వరకు ఒంటరిగా ఉంచకండి. 8, 9 భాగాల పనులు ఆ రాత్రికే పూర్తి చేయండి.

చావాలని లేదు, కానీ బతుకు మీద విరక్తి, తగ్గని దిగులు: వారంలోపు అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఈలోగా రోజుకోసారి ఓ పది నిమిషాలు పలకరించండి.

ఏ మెట్టులో పెట్టాలో తేల్చుకోలేకపోతే పై మెట్టులోనే పెట్టండి.

8. ఇంటిని భద్రం చేయడం

తీవ్రమైన ఉద్రేకం చాలాసార్లు నిమిషాల్లో, గంటల్లో కాస్త చల్లబడుతుంది. ఆ కొద్దిసేపు చేతికి ఏమీ అందకుండా ఉండటమే మనకు కావాలి. “ఒక దారి మూస్తే ఇంకో దారి వెతుక్కుంటారు” అనేది చాలావరకు నిజం కాదు. శ్రీలంకలో బాగా విషపూరితమైన పురుగుమందులను నిషేధించాక మొత్తం ఆత్మహత్యల రేటే బాగా పడిపోయింది.

- మందులన్నీ, తలనొప్పి మాత్రలతో సహా, తాళం వేసిన పెట్టెలో. తాళంచెవి పెద్దల ఒంటి మీద.
- బిడ్డ మందులు ఏ పూటవి ఆ పూట మీ చేత్తో ఇవ్వండి.
- పురుగుమందులు, ఘాటైన రసాయనాలు, ఆయుధాలు ఇంటి నుంచే పంపించేయండి.
- తాత, అమ్మమ్మల మందుల డబ్బా, మీ హ్యాండ్‌బ్యాగు మరచిపోకండి. సాధారణంగా తప్పిపోయేవి ఇవే.
- బిడ్డ గది తలుపుకు లోపలి గడియ కొన్నాళ్లు తీసేయండి. దొంగచాటుగా కాదు, ఎందుకో చెప్పి.

9. భద్రతా ప్రణాళిక రాయించడం

“ఇంకెప్పుడూ అలా చేయనని మాటివ్వు” అని ఒట్టు వేయించుకోవడం పెద్దల కంగారును తగ్గిస్తుంది తప్ప బిడ్డను కాపాడుతుందనడానికి ఆధారం లేదు. దాని బదులు ఆరు అంశాల కాగితం ఒకటి, వీలైతే కౌన్సెలర్ దగ్గర, బిడ్డ చేతిరాతతో రాయించండి:

1. ఆ ఆలోచన రాబోతోందని నాకెలా తెలుస్తుంది
2. ఒక్కడినే ఉన్నా చేయగలిగే పనులు
3. మనసు మళ్లించే మనుషులు, చోట్లు
4. సాయం అడగగల ముగ్గురు, వాళ్ల నంబర్లు
5. డాక్టర్, హెల్ప్‌లైన్, ఆసుపత్రి
6. ఇంట్లో ఏవి తీసేశాం, ఏవి తాళంలో ఉన్నాయి

రెండో అంశంలో “ధ్యానం చేస్తాను” లాంటి పెద్దలకు నచ్చే జవాబు రాస్తే ఒప్పుకోకండి. నిజంగా చేసేది రాయాలి: చల్లటి నీళ్లతో ముఖం కడుక్కోవడం, కుక్కను బయటికి తీసుకెళ్లడం, ఫలానా ఆట. కాగితాన్ని ఫోటో తీసి ఫోనులో ఉంచమనండి.

10. తరచూ జరిగే పొరపాట్లు

“అటెన్షన్ కోసం చేస్తోంది.” అవుననుకుందాం. చావు మాట ఎత్తితే తప్ప ఎవరూ పట్టించుకోరని ఒక బిడ్డ అనుకుంటోందంటే, ఆ పట్టింపే ముందు ఇవ్వాలి.

ఉపన్యాసం, పోలికలు, అపరాధ భావం. “మేమెంత కష్టపడుతున్నాం”, “మీ అమ్మ గతేం కాను” అనే మాటలు, తాను భారమని అప్పటికే అనుకుంటున్న బిడ్డ చేత మరోసారి ఔననిపిస్తాయి. నోటి దాకా వచ్చినా మింగేయండి. అనేసి ఉంటే సాయంత్రం దగ్గర కూర్చుని “ఆ మాట అనకుండా ఉండాల్సింది” అనండి.

స్నేహితులను వదిలేయడం. పిల్లలు మొదట చెప్పుకునేది తోటి పిల్లలకే. “స్నేహితుడి ప్రాణం గురించిన రహస్యం దాచకూడదు, చెప్పినవాళ్లను మేం తిట్టం” అని తరగతిలో ముందే చెప్పి ఉంచండి. ఎవరైనా మెసేజ్ చూపిస్తే, చూపించిన బిడ్డ పేరు బయటపెట్టకండి.

ఫోను లాక్కోవడం. సాయం అడిగే దారీ దానితోనే పోతుంది. అలవాట్లు మార్చాలంటే తర్వాత, కలిసి మాట్లాడుకుని.

11. తర్వాతి మూడు నెలలు

మొదటి వారం రోజూ, ఆ తర్వాత వారానికి రెండు సార్లయినా “ఆ ఆలోచన మళ్లీ వచ్చిందా?” అని అదే పదాలతో అడగండి. అపాయింట్‌మెంట్ తప్పితే ఆ రోజే ఇంకోటి తీసుకోండి.

డిప్రెషన్ మందులు మొదలుపెట్టిన లేదా మోతాదు మార్చిన తొలి వారాల్లో ఈ వయసు పిల్లల్లో కొందరికి ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004 నుంచి ఈ హెచ్చరికను ఆ మందుల మీద వేయిస్తోంది. దాని అర్థం మందు మానేయమని కాదు. కొత్త అలజడి, నిద్రలేమి కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలని. మీ అంతట మీరు హఠాత్తుగా ఆపేస్తే ఇంకో ప్రమాదం.

స్కూలుకు తిరిగి వెళ్లే ముందు మూడు విషయాలు టీచరుతో ఖరారు చేసుకోండి: తోటివాళ్లు అడిగితే బిడ్డ ఏం చెప్పాలనుకుంటోంది, తరగతిలో ఊపిరాడనట్టు అనిపిస్తే లేచి ఎవరి దగ్గరికి వెళ్లవచ్చు, మిగిలిపోయిన చదువులో ఏది వదిలేయవచ్చు. మొదటి రోజు ఒక్క పూట బడి చాలు. ఆ సాయంత్రం పాఠాల సంగతి ఎత్తకండి, గేటు దగ్గర ముందుగా వెళ్లి నిలబడి ఉండండి.